ఇటాలియన్ అమెరికన్ల కుటుంబ జీవనం, ఆహారం, సంప్రదాయాలు

ఇటలీ నుండి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వలస వెళ్ళి స్థిరపడినవారిని, వారి సంతతివారిని ఇటాలియన్ అమెరికన్లు అంటారు. 2020 జనాభా లెక్కలలో సుమారు 1 కోటి 68 లక్షల మంది తమ పూర్వీకులు పూర్తిగా గాని, కొంతవరకు గాని ఇటలీవారని నమోదు చేసుకున్నారు. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్ రాష్ట్రాలలో వీరి సంఖ్య ఎక్కువ.

వీరి జీవన విధానానికి కుటుంబం కేంద్రం. ఆ కుటుంబానికి భోజనపు బల్ల కేంద్రం. ఆదివారపు సుదీర్ఘ భోజనం, క్రిస్మస్ ముందురోజు రాత్రి చేపల విందు, పునీతుల ఊరేగింపులు వీరి సంప్రదాయాలలో ముఖ్యమైనవి. ఇవన్నీ ఇటలీ నుండి ఉన్నవి ఉన్నట్లుగా వచ్చాయని సాధారణంగా భావిస్తారు. కాని వీటిలో చాలా భాగం అమెరికాలోనే రూపుదిద్దుకున్నాయి. స్వదేశంలో కడుపునిండా తినలేని పేద రైతులు, కొత్త దేశంలో తమ పిల్లలు తమకు దూరమవుతున్నారని భయపడిన తల్లిదండ్రులు వీటి సృష్టికర్తలు.

వలస నేపథ్యం

ఇటలీ 1861లో ఒకే రాజ్యంగా ఏర్పడింది. ఆ ఏకీకరణ వలన దక్షిణ ప్రాంతపు రైతులకు ఒరిగింది తక్కువ. భూమి కొద్దిమంది భూస్వాముల చేతులలోనే ఉండిపోయింది. పన్నులు పెరిగాయి. మలేరియా, పంట నష్టాలు, భూకంపాలు ప్రజలను కుంగదీశాయి. ఫలితంగా 1880, 1924 సంవత్సరాల మధ్య సుమారు 40 లక్షల మంది ఇటలీవారు అమెరికా చేరారు. వీరిలో అత్యధికులు సిసిలీ, కలాబ్రియా, కంపానియా, బసిలికాటా, అపులియా, అబ్రుజ్జో వంటి దక్షిణ ప్రాంతాలవారు. 1892లో న్యూయార్క్ రేవులో ప్రారంభమైన ఎల్లిస్ దీవి కేంద్రం ద్వారా వీరిలో ఎక్కువమంది దేశంలో ప్రవేశించారు.

మొదట వచ్చినవారిలో యువకులే ఎక్కువ. రైలుమార్గాలు, సొరంగాలు, వంతెనలు, భవనాల పనులలో కొన్నేళ్ళు కూలి చేసి, నాలుగు రాళ్ళు వెనకేసుకొని స్వగ్రామానికి తిరిగి వెళ్ళడం వారి ఉద్దేశ్యం. చాలామంది అలాగే వెళ్ళిపోయారు కూడా. అందుచేత వీరిని వలస పక్షులు అనేవారు. ఉండిపోయినవారు తరువాత భార్యాబిడ్డలను, తమ్ములను, ఊరివారిని రప్పించుకున్నారు. ఇందువలన ఒక ఊరివారందరూ ఒకే వీధికి చేరడం సాధారణమైంది.

అప్పటికి వీరిలో చాలామందికి తాము ఇటలీ దేశీయులమనే భావన లేదు. తమ ఊరి చర్చి గంట వినిపించేంత మేరే తమ లోకం. దీనిని ఇటలీ భాషలో కాంపనిలిస్మో అంటారు; కాంపనీలే అంటే గంట గోపురం. సిసిలీ రైతు మాట నేపుల్స్ కూలీకి సరిగా అర్థమయ్యేది కాదు. అమెరికన్లు అందరినీ ఒకే పేరుతో పిలవడం వలన, ఒకే వాడలో కలిసి బ్రతకడం వలన వీరు క్రమంగా ఇటాలియన్లు అయ్యారు.

1924 నాటి వలస చట్టం ఇటలీ నుండి వచ్చేవారి సంఖ్యను ఏడాదికి 4,000 కంటే తక్కువకు కుదించింది. దీనితో పెద్ద వలస ఆగిపోయింది. అప్పటికే వచ్చినవారు, అక్కడ పుట్టిన వారి పిల్లలు కలిసి ఒక ప్రత్యేక సమాజంగా మిగిలారు.

వాడలు

న్యూయార్క్ నగరంలోని మల్బరీ వీధి పరిసరాలు, ఈస్ట్ హార్లెమ్, బ్రాంక్స్‌లోని ఆర్థర్ అవెన్యూ, బోస్టన్‌లోని నార్త్ ఎండ్, ఫిలడెల్ఫియా దక్షిణ భాగంలోని 9వ వీధి సంత, ప్రావిడెన్స్‌లోని ఫెడరల్ హిల్, శాన్ ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్ ప్రసిద్ధి చెందిన ఇటాలియన్ వాడలు. గాలి వెలుతురు లేని ఇరుకు గదులలో కుటుంబాలు కాపురముండేవి. అద్దె కట్టడానికి బయటివారిని కూడా ఇంట్లో పెట్టుకొని వారికి వండిపెట్టేవారు. రోగం, ప్రమాదం, చావు సంభవించినపుడు ఆదుకోవడానికి ఊరి పేరుమీద పరస్పర సహాయక సంఘాలు ఏర్పడ్డాయి. 1905లో న్యూయార్క్‌లో వైద్యుడు విన్చెంజో సెల్లారో స్థాపించిన సన్స్ ఆఫ్ ఇటలీ వీటన్నిటిలో పెద్దది. 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎ.పి. జియన్నీని ఇటలీ వలసదారుల కోసం ప్రారంభించిన బ్యాంక్ ఆఫ్ ఇటలీ, తరువాత బ్యాంక్ ఆఫ్ అమెరికాగా మారింది.

కుటుంబ వ్యవస్థ

ప్రభుత్వం మీద, భూస్వామి మీద, అపరిచితుల మీద నమ్మకం లేని దక్షిణ ఇటలీ రైతుకు కుటుంబమే ఏకైక రక్షణ. ఇటలీ భాషలో ఫమీలియా అనే మాటలో తల్లి, తండ్రి, పిల్లలే కాక తాతలు, అవ్వలు, పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, వారి పిల్లలు అందరూ చేరుతారు. ఒక్కొక్కరి ప్రవర్తన అందరి పరువుకు సంబంధించిన విషయం.

బయటి వ్యవహారాలలో తండ్రి మాట చెల్లేది. ఇంటి వ్యవహారం, డబ్బు లెక్క తల్లి చేతిలో ఉండేవి. పనికి వెళ్ళే పిల్లలు జీతపు కవరును విప్పకుండా తెచ్చి తల్లికి ఇచ్చేవారు. ఆమె వారికి ఖర్చులకు కొంత తిరిగి ఇచ్చేది. తల్లులు ఇంటివద్దనే దుస్తులకు చేతికుట్టు పని, కాగితపు పూల తయారీ వంటి పనులు చేసేవారు. పెళ్ళికాని ఆడపిల్లలు బట్టల కర్మాగారాలలో పనిచేసేవారు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది మరణించారు. మృతులలో అత్యధికులు యూదు, ఇటలీ కుటుంబాల నుండి వచ్చిన యువతులే.

పిల్లలకు పేరు పెట్టడంలో ఒక క్రమం ఉండేది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండవ కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. కూతుళ్ళకు ఇదే వరుసలో నానమ్మ, అమ్మమ్మల పేర్లు. అందుచేత ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల పినతండ్రి, పెదతండ్రి బిడ్డలు ఎంతోమంది కనిపిస్తారు.

జ్ఞానస్నానం సమయంలో బిడ్డకు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రిగా నిలిచినవారు రక్తసంబంధీకులతో సమానం. వారిని కొమారే, కొంపారే అని పిలిచేవారు. పొరుగువారిని, స్నేహితులను కుటుంబంలోకి చేర్చుకొనే మార్గమిది. అమెరికన్ వాడుకలో వినిపించే గూంబా అనే మాట ఈ కొంపారే నుండి వచ్చినదే.

పాఠశాల, తరాల మధ్య ఘర్షణ

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో వలసదారుల పిల్లలను త్వరగా అమెరికన్లుగా మార్చడం పాఠశాలల కర్తవ్యంగా భావించేవారు. పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకోవడంతో సరిపోదు. తిండి, బట్ట, పేరు కూడా మారాలి. సంఘసేవకులలో చాలామంది పాస్తా, వెల్లుల్లి తినడాన్ని వెనుకబాటుతనానికి గుర్తుగా చూసేవారు. తల్లిదండ్రులకేమో చదువు పేరుతో పిల్లవాని సంపాదన, విధేయత రెండూ పోతున్నాయనే భయం ఉండేది.

ఈ ఘర్షణను లోతుగా పరిశీలించినవాడు లియొనార్డ్ కొవెల్లో. 1887లో బసిలికాటా ప్రాంతంలోని అవిల్యానోలో జన్మించిన ఈయన 1896లో తల్లితో, తమ్ములతో న్యూయార్క్ చేరాడు. ఇంటిపేరు కొవియెల్లో. పలకడం సులువని ఉపాధ్యాయురాలు దానిని కొవెల్లోగా మార్చివేసింది. బడిలో ఇచ్చిన ఓట్స్‌ను ఇంటికి తీసుకువెళితే, పశువుల మేతను పిల్లలకు పెట్టే బడి ఎటువంటి బడి అని తండ్రి ఆగ్రహించిన సంగతిని ఆయన 1958లో వెలువడిన తన ఆత్మకథలో వివరించాడు. తల్లిదండ్రులను చూసి సిగ్గుపడడమే అమెరికన్లుగా మారడమనే భావన తమలో నాటుకుపోయిందని ఆయన అభిప్రాయం.

ఉపాధ్యాయుడైన తరువాత కొవెల్లో ఇటలీ భాషకు పాఠశాలల్లో ఫ్రెంచి, జర్మన్ భాషలతో సమాన స్థానం కోసం పోరాడాడు. 1922లో న్యూయార్క్ విద్యామండలి అందుకు అంగీకరించింది. 1934లో ఈస్ట్ హార్లెమ్‌లో ప్రారంభమైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, 1956 వరకు పనిచేశాడు. విద్యార్థి ఇంటిని, భాషను గౌరవించకుండా అతనికి చదువు చెప్పలేమన్నది ఆయన సిద్ధాంతం.

ఆహారం

కొరత నుండి సమృద్ధికి

దక్షిణ ఇటలీ పేదలు సాధారణంగా ముతక రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరలతో కడుపు నింపుకొనేవారు. మాంసం పండుగనాడు మాత్రమే. తెల్లని గోధుమ పాస్తా కూడా చాలా ఇళ్ళలో పండుగ భోజనమే. అమెరికాలో కూలిపని ఎంత కష్టమైనా, ఆ కూలితో మాంసం, చీజ్, నూనె, పిండి, చక్కెర కొనగలిగేవారు. స్వగ్రామంలో భూస్వామి ఇంట్లో మాత్రమే చూసిన భోజనం ఇప్పుడు తమ బల్లమీదికి వచ్చింది. చరిత్రకారిణి హాసియా డైనర్ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ మార్పును వివరంగా చర్చించారు. ఇటాలియన్ అమెరికన్ వంటలలో మాంసం, చీజ్, టమాటా గుజ్జు మోతాదు ఇటలీలో కంటే ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

ఆదివారపు భోజనం

ఆదివారం ఉదయమే పెద్ద గిన్నెలో టమాటా రసం పొయ్యిమీదికి ఎక్కుతుంది. వేయించిన మాంసపు ఉండలు, పంది పక్కటెముకలు, సాసేజ్, చుట్టచుట్టి దారంతో కట్టిన బ్రజోలే అనే మాంసపు ముక్కలు అందులో వేసి, సన్నని సెగమీద గంటల తరబడి మరగనిస్తారు. దీనిని కొన్ని కుటుంబాలు గ్రేవీ అని, కొన్ని సాస్ అని పిలుస్తాయి. ఏది సరైన పేరు అనేది ఎడతెగని సరదా వివాదం. దీని మూలం నేపుల్స్ ప్రాంతపు రాగూ.

చర్చిలో పూజ ముగిసిన తరువాత, మధ్యాహ్నం బంధువులందరూ అవ్వ ఇంటికి చేరుతారు. ముందుగా ఆ రసంతో కలిపిన పాస్తా, తరువాత అందులో ఉడికిన మాంసం, ఆపైన సలాడ్, చివర పండ్లు, గింజలు, కాఫీ, మిఠాయిలు వడ్డిస్తారు. భోజనం సాయంత్రం వరకు సాగుతుంది.

ఈస్ట్ హార్లెమ్ ఇటాలియన్లపై పరిశోధన చేసి 2013లో గ్రంథం వెలువరించిన చరిత్రకారుడు సిమోనె చినొట్టో ఈ భోజనాన్ని మరొక కోణంలో చూశారు. 1920, 1930 దశకాలలో తల్లిదండ్రులకు, అమెరికాలో పుట్టిన పిల్లలకు మధ్య డబ్బు, స్నేహాలు, పెళ్ళిళ్ళ విషయంలో తీవ్రమైన విభేదాలు వచ్చాయి. పిల్లలు వారమంతా ఎలా గడిపినా ఆదివారం బల్ల దగ్గరకు రావాలనే నియమం ద్వారా పెద్దలు కుటుంబాన్ని నిలబెట్టుకొన్నారు. ఐకమత్యం ఉన్నందువలన ఈ ఆచారం పుట్టిందనడం కంటే, ఐకమత్యం చెదరకుండా ఉండడానికి దీనిని నిర్మించుకొన్నారనడం సమంజసం.

ముఖ్యమైన వంటకాలు

- స్పగెట్టీ, మీట్‌బాల్స్: ఇటలీలో పోల్పెత్తె అనే చిన్న మాంసపు ఉండలను సాధారణంగా విడిగా తింటారు. వాటి పరిమాణం పెంచి పాస్తా మీద వడ్డించడం అమెరికాలో స్థిరపడింది.
- చికెన్ పార్మిజాన్: దక్షిణ ఇటలీ వంకాయ వంటకం దీనికి మాతృక. అమెరికాలో వంకాయ స్థానంలో కోడిమాంసం చేరింది.
- పిజ్జా: నేపుల్స్ పేదల ఆహారం. న్యూయార్క్‌లోని లొంబార్డీస్ 1905 నుండి పిజ్జాకు ప్రసిద్ధి. న్యూ హేవెన్‌లో ఫ్రాంక్ పెపె 1925లో దుకాణం తెరిచాడు. లోతైన పళ్ళెంలో కాల్చే పిజ్జా 1943లో షికాగోలో మొదలైంది.
- మఫులెట్టా: న్యూ ఆర్లియన్స్‌లో సిసిలీ వలసదారుల సృష్టి. గుండ్రని రొట్టె మధ్య మాంసం, చీజ్, ఆలివ్ ఊరగాయ పెడతారు.
- చొప్పీనో: శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన జెనోవా ప్రాంతపు జాలరుల చేపల పులుసు.

ఈ ఆహారాన్ని అమెరికా అంతటా వ్యాపింపజేసినవారిలో ఎత్తొరె బోయార్డీ ఒకడు. పియచెంజాలో పుట్టిన ఈ వంటవాడు 1920 దశకంలో క్లీవ్‌లాండ్‌లో భోజనశాల నడిపాడు. ఆ తరువాత షెఫ్ బోయార్డీ పేరుతో డబ్బాలలో నింపిన స్పగెట్టీ విక్రయించాడు. అమెరికన్లు పలకడానికి అనువుగా తన పేరునే ముక్కలు చేసి డబ్బాలపై ముద్రించాడు.

పెరడు, నేలమాళిగ

కాస్త స్థలం దొరికిన ప్రతి కుటుంబం టమాటా, మిరప, బేసిల్ మొక్కలు పెంచేది. చలి దేశంలో బ్రతకలేని అంజూరపు చెట్టును శీతాకాలానికి ముందు గుడ్డలతో చుట్టి లేదా వంచి మట్టిలో పూడ్చి, వసంతంలో తిరిగి నిలబెట్టేవారు. వేసవి చివర కుటుంబమంతా కలిసి ఏడాదికి సరిపడా టమాటా రసాన్ని సీసాలలో నింపడం ఒక వేడుక. చాలా ఇళ్ళలో నేలమాళిగలో రెండవ వంటగది ఉంటుంది. పై అంతస్తులోని వంటగది శుభ్రంగా అతిథుల కోసం మిగిలితే, అసలు వంట కింద జరుగుతుంది. ద్రాక్షసారా తయారీ కూడా అక్కడే.

పండుగలు

క్రిస్మస్ ముందురోజు మాంసం తినరాదన్న కాథలిక్ నియమం వలన ఆ రాత్రి చేపలు వండేవారు. ఇది అమెరికాలో ఏడు చేపల విందుగా ప్రసిద్ధి పొందింది. బక్కలా అనే ఎండబెట్టిన ఉప్పుచేప, స్క్విడ్, రొయ్యలు, ఆల్చిప్పలు, ఈల్ ఇందులో కనిపిస్తాయి. ఏడు అనే సంఖ్యకు పలువురు పలు కారణాలు చెబుతారు. ఇటలీలో ఈ పేరుతో ఇటువంటి నియత సంప్రదాయం లేదు.

మార్చి 19న పునీత జోజప్ప పండుగనాడు జెప్పోలె అనే మిఠాయి చేస్తారు. న్యూ ఆర్లియన్స్‌లోని సిసిలీ సంతతివారు రొట్టెలు, పండ్లు, వంటకాలతో మెట్లమెట్లుగా పీఠం అలంకరించి, తరువాత ఆ ఆహారాన్ని పేదలకు పంచుతారు. కరవు కాలంలో ఆదుకున్నవని చెప్పే ఫావా చిక్కుడు గింజలను శుభసూచకంగా ఇస్తారు.

నేపుల్స్ నగర రక్షక పునీతుడైన సాన్ జెన్నారో పేరిట మల్బరీ వీధిలో 1926 నుండి సెప్టెంబరులో ఉత్సవం జరుగుతోంది. బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో, నోలా పట్టణం నుండి వచ్చినవారు జిల్యో అనే ఎత్తైన గోపురాన్ని భుజాలపై మోస్తారు. ఈస్ట్ హార్లెమ్‌లో జులై 16న జరిగే కార్మెల్ మాత ఉత్సవం 1880 దశకంలో మొదలైంది. తొలినాళ్ళలో ఐరిష్ గురువుల ఆధిపత్యంలోని చర్చి ఇటలీవారిని ప్రార్థనకు నేలమాళిగకు పరిమితం చేసింది. అందుచేత మరియమాత ప్రతిమను నడివీధిలో ఊరేగించడం వారికి భక్తితో పాటు ఆత్మగౌరవ ప్రకటన కూడా. ఇటలీ కుటుంబాలు ఆ వాడ విడిచి వెళ్ళిన తరువాత హైతీ దేశపు కాథలిక్కులు ఈ ఉత్సవానికి పెద్దసంఖ్యలో రావడం మొదలైంది.

పెళ్ళిళ్ళు

పెళ్ళి రెండు కుటుంబాల కలయిక. అతిథులు నూతన దంపతులకు బుస్తా అనే కవరులో డబ్బు పెట్టి చదివిస్తారు. చక్కెర పూత పూసిన బాదంపప్పులను అయిదేసి చొప్పున మూటగట్టి అతిథులకు పంచుతారు. ఇవి ఆరోగ్యం, ఐశ్వర్యం, ఆనందం, సంతానం, దీర్ఘాయువులకు సంకేతాలు. పిట్స్‌బర్గ్, యంగ్స్‌టౌన్ ప్రాంతాలలో బంధువుల ఆడవారు ఇళ్ళలో చేసి తెచ్చిన బిస్కట్లతో ప్రత్యేకంగా ఒక బల్లను నింపడం ఆచారం. ఆ ఆచారాన్ని అక్కడి ఇతర జాతులవారు కూడా పాటిస్తారు.

భాష

తెలుగు వలెనే ఇటలీ భాషలో కూడా పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. కాని దక్షిణ ఇటలీ మాండలికాలలో పదాంతపు అచ్చు బలహీనంగా పలుకుతుంది. అమెరికాలో పెరిగిన పిల్లల నోట అది పూర్తిగా రాలిపోయింది. కాపొకొల్లో అనే మాంసం గాబగూల్ అయింది, రికొట్టా రిగాట్ అయింది. ఇటలీ నుండి నేడు వచ్చే పర్యాటకునికి ఈ మాటలు వింతగా తోస్తాయి. నిజానికి ఇవి తప్పులు కావు; నూరేళ్ళ క్రితపు మాండలికాల ఆనవాళ్ళు. భాష మరుగున పడినా వంటింటి పదాలు మిగిలాయి. 2000 జనాభా లెక్కల నాటికి ఇంట్లో ఇటలీ భాష మాట్లాడేవారు సుమారు 10 లక్షల మంది మాత్రమే.

వివక్ష

1891 మార్చి 14న న్యూ ఆర్లియన్స్‌లో పోలీసు అధిపతి హత్యకేసులో నిందితులతో సహా జైలులో ఉన్న 11 మంది ఇటలీవారిని ఒక గుంపు చంపివేసింది. ఆ నగర మేయరు 2019లో దీనికి క్షమాపణ చెప్పారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో, పౌరసత్వం లేని సుమారు 6 లక్షల మంది ఇటలీవారిని శత్రుదేశీయులుగా ప్రకటించారు. వారి రేడియోలు, కెమెరాలు స్వాధీనం చేసుకున్నారు. కొన్ని వందల మందిని నిర్బంధించారు. ప్రఖ్యాత బేస్‌బాల్ క్రీడాకారుడు జో డిమాజియో తండ్రి తాను చేపలు పట్టే రేవుకు వెళ్ళడాన్ని కూడా నిషేధించారు. అదే సమయంలో లక్షలాది ఇటాలియన్ అమెరికన్ యువకులు అమెరికా సైన్యంలో పోరాడుతున్నారు. 1942 అక్టోబరులో ఈ ప్రకటనను ఉపసంహరించారు. శత్రువు భాష మాట్లాడవద్దనే ప్రచారం ప్రభావంతో ఎన్నో కుటుంబాలు పిల్లలతో ఇటలీ భాష మాట్లాడడం మానివేశాయి. 2000లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం ద్వారా ఈ అన్యాయాన్ని అధికారికంగా గుర్తించింది.

రోసెటో పట్టణం

పెన్సిల్వేనియాలోని రోసెటో, అపులియా ప్రాంతపు రోసెటో వల్ఫొర్తొరె నుండి వచ్చి పలకరాతి గనులలో పనిచేసినవారు నిర్మించుకున్న చిన్న పట్టణం. 1960 దశకంలో వైద్యుడు స్టూవర్ట్ వుల్ఫ్, సామాజిక శాస్త్రవేత్త జాన్ బ్రూన్ ఇక్కడ గుండెపోటు మరణాలు పక్కనున్న బాంగర్ పట్టణంలో కంటే చాలా తక్కువగా ఉన్నట్లు గమనించారు. ఇక్కడివారు పందికొవ్వుతో వండుకొనేవారు, పొగ తాగేవారు, గనులలో కష్టపడేవారు. మూడు తరాలు ఒకే ఇంట ఉండడం, ముసలివారికి గౌరవం దక్కడం, కలిగినవారు ఆడంబరం ప్రదర్శించకపోవడం ఇందుకు కారణాలని పరిశోధకులు భావించారు. పిల్లలు పెద్ద చదువులు చదివి, విడి ఇళ్ళు కట్టుకొని, పాత కట్టుబాట్లు సడలితే ఈ తేడా పోతుందని కూడా ఊహించారు. 1935 నుండి 1985 వరకు యాభై ఏళ్ళ మరణాలను పోల్చి 1992లో ప్రచురించిన అధ్యయనంలో అలాగే జరిగినట్లు తేలింది. పట్టణ జనాభా చాలా తక్కువ కనుక దీని నుండి సాధారణ సూత్రం తీయడంలో జాగ్రత్త అవసరం.

సాహిత్యం, సినిమా

పియెత్రో ది దొనాతో 1939లో రచించిన క్రైస్ట్ ఇన్ కాంక్రీట్ నవల, భవన నిర్మాణ ప్రమాదంలో తండ్రిని కోల్పోయిన తాపీపనివారి కుటుంబ కథ. మారియో పూజో నవల ది గాడ్‌ఫాదర్ 1969లో, దాని ఆధారంగా తీసిన చిత్రం 1972లో వచ్చాయి. ఇవి కుటుంబ వేడుకలను అద్భుతంగా చిత్రించినా, ఇటాలియన్లంటే నేరస్థులనే ముద్రను బలపరచాయనే విమర్శ ఉంది. మార్టిన్ స్కార్సెసె 1974లో తన తల్లిదండ్రులతో తీసిన ఇటాలియన్‌అమెరికన్ అనే డాక్యుమెంటరీ చివర ఆయన తల్లి టమాటా రసం తయారీ విధానం కనిపిస్తుంది.

ప్రస్తుత స్థితి

రెండవ ప్రపంచయుద్ధం తరువాత యువ కుటుంబాలు లాంగ్ ఐలండ్, న్యూజెర్సీ, స్టేటన్ ఐలండ్ వంటి శివారులకు తరలివెళ్ళాయి. బోస్టన్‌లోని వెస్ట్ ఎండ్ వాడను నగర పునర్నిర్మాణం పేరిట 1950 దశకం చివర కూల్చివేశారు. సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ గాన్స్ 1962లో రచించిన గ్రంథం ఆ వాడ జీవనానికి మిగిలిన సాక్ష్యం. మల్బరీ వీధిలో నేడు ఇటాలియన్ భోజనశాలలు ఉన్నాయి కాని, ఇటాలియన్ కుటుంబాలు బహు తక్కువ. ఇతర జాతులవారితో వివాహాలు సర్వసాధారణం.

భాష, వాడ, ఊరి కట్టుబాట్లు పోయిన తరువాత మిగిలే ఇటువంటి గుర్తింపును గాన్స్ 1979లో ప్రతీకాత్మక జాతీయత అని పేర్కొన్నారు. అంటే అది నిత్యజీవితాన్ని శాసించదు. పండుగనాడు, పెళ్ళినాడు గుర్తుకు వస్తుంది. అయినప్పటికీ నాలుగవ, అయిదవ తరంవారు కూడా క్రిస్మస్ ముందురాత్రి చేపలు వండుతున్నారు. నొన్నా అని పిలుచుకొనే అవ్వ కొలతలు లేకుండా చేసిన వంటలను పక్కన నిలబడి రాసుకుంటున్నారు. ఒకప్పుడు బడిలో దాచుకొని తిన్న ఆహారమే నేడు ఈ సమాజం గర్వంగా చూపుకొనే గుర్తు.